"ఇక నదికి వెళ్లడమే ఆలస్యం" అని రాసున్న ఫ్లై రాడ్ కిట్: నాలుగు రాత్రుల క్యాంప్ తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తా, రాడ్, అంటే గాలం కర్ర, బాగుంది. రీల్ పర్లేదు. లైన్ అంతంతమాత్రం. ఇక లీడరు (లైన్ చివర కట్టే సన్నటి దారం), ఫ్లైలు (ఈకలతో పురుగులా కట్టిన కొక్కేలు) అయితే... సరే, వాటిని కింద తీరిగ్గా తిట్టుకుందాం. అయిదుకి మూడు స్టార్లు ఇస్తున్నా, ఆ మూడిట్లో రెండున్నర ఒక్క రాడ్‌కే. కంపెనీ పేరు రాయట్లేదు. కొనేముందు నేను చూసిన నాలుగైదు కిట్లలో కూడా సామాను జాబితా దాదాపు ఇదే, కాబట్టి మీరు ఏ కిట్ చూస్తున్నా ఇందులో సగం మీకూ పనికొస్తుంది.

నాకు కోపం తెప్పించింది సామాను కాదు, బాక్స్ మీద రాసిన మాట. "అన్నీ ఇందులోనే ఉన్నాయి, ఇక నదికి వెళ్లడమే ఆలస్యం" అట. నేను నమ్మేశా. మా బావ ఆ బాక్స్ చూసి ఏమీ అనలేదు, ఒక నవ్వు నవ్వి ఊరుకున్నాడు. బావ ఇదివరకు రెండు మూడుసార్లు ట్రౌట్ (చల్లటి నీళ్ల చేప) నదులకి వెళ్లొచ్చిన మనిషి, నేనేమో ఎర గుచ్చి గాలం వేసి గట్టు మీద కూర్చునే బాపతు. ఆ నవ్వుకి అర్థం నాకు నది దగ్గరకి వెళ్లాక గానీ తెలీలేదు.

బాక్స్‌లో ఏమున్నాయంటే, నాలుగు ముక్కల 9 అడుగుల 5 వెయిట్ గ్రాఫైట్ రాడ్, దానికో గుడ్డ తొడుగు, గట్టి ట్యూబు, రీల్, రీల్‌కి ముందే చుట్టేసిన బ్యాకింగూ (లైన్ వెనకాల ఉండే అదనపు దారం) లైనూ, లైన్ చివర 9 అడుగుల 5ఎక్స్ (దారం మందం లెక్క, కింద చెప్తా) లీడరు, ఒక బుల్లి డబ్బాలో డజను ఫ్లైలు, దారం కత్తిరించే నిప్పర్. అంతే.

5 వెయిట్ అంటే రాడ్ బరువు కాదండోయ్, నేను మొదట అలాగే అనుకున్నా. మామూలు గాలంలో బరువు చివర్న ఉంటుంది కదా, సీసం గుండో ఎరో, దాన్ని విసిరితే దారం దాని వెనకాల పరిగెడుతుంది. ఇక్కడ చివర ఉండేది ఈకలూ వెంట్రుకలూ చుట్టిన ఒక కొక్కెం, ఊదితే ఎగిరిపోద్ది, దాన్ని ఎంత బలంగా విసిరినా ముక్కు ముందే పడుతుంది. అందుకని బరువంతా లైన్‌లో పెట్టారు, మనం విసిరేది లైన్‌ని, ఫ్లై ఊరికే దాని తోకలా వెళ్తుంది. 5 వెయిట్ లైన్ అంటే ముందు 30 అడుగులు తూస్తే 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. మామూలు ట్రౌట్ నదికి, చేతికి కొత్త అయినవాళ్లకి 9 అడుగుల 5 వెయిట్ కంటే వేరేది చూడక్కర్లేదని బావ అన్నాడు, వాడి చూశాక నేనూ అదే అంటా. మరీ చిన్న వాగులైతే 3 వెయిట్ సరదాగా ఉంటుందట, అది వేరే కథ.

ట్రిప్‌కి మూడు వారాల ముందే కిట్ తెప్పించుకోవడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. ఖాళీ మైదానంలో ఫ్లై బదులు చిన్న ఊలు ముక్క కట్టి రోజూ అరగంట విసిరేవాణ్ణి. మొదటి వారం లైన్ అంతా నా మెడకే చుట్టుకునేది. రాడ్ మరీ మెత్తగా ఉంది, వంగిపోతోంది, డబ్బులు దండగ అని బావకి ఫోన్ చేసి ఒకటే గోల. ఆదివారం వచ్చి రాడ్ తీసుకుని, అలా వెనక్కి తీసి, ఆపి, ముందుకి తోశాడు, 40 అడుగుల లైన్ గీత గీసినట్టు వెళ్లి పడింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట" అని రాడ్ నా చేతికిచ్చాడు. నోరు మూసుకున్నా.

నా తప్పేంటంటే ఆగకపోవడం. లైన్ వెనక్కి వెళ్లి పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి, అప్పుడే రాడ్ మీద బరువు పడి స్ప్రింగులా వంగుద్ది. తొందరపడితే కొరడా ఝళిపించినట్టు చప్పుడు వస్తుంది, చప్పుడు వచ్చిందంటే ఫ్లై తెగి ఎక్కడో పడిందన్నమాట. రాడ్‌ని గడియారం ముల్లు అనుకుని 10 దగ్గర ఒకసారి, 2 దగ్గర ఒకసారి ఆపాలి అని అందరూ చెప్పేదే, కానీ ఆపడం అంటే నిజంగా టక్కున ఆపడం అని నాకు మూడో వారానికి ఎక్కింది. రాడ్ గురించి మాత్రం ఇక్కడే ఖాయమైపోయింది, మరీ గట్టిగా లేదు, మరీ జావగా లేదు, తప్పు చేస్తే చేతికి తెలిసిపోతుంది. కొత్తవాళ్లకి అదే కావాలి.

కిట్‌లో లోపాలు కూడా మైదానంలోనే మొదలయ్యాయి. రీల్ కుడిచేత్తో తిప్పేలా సెట్ చేసి ఉంది, నాకు ఎడమచేత్తో తిప్పాలి, మార్చుకోవచ్చు అని కాగితంలో ఉంది గానీ ఎలాగో లేదు. స్పూల్ తీసి లోపల చిన్న బేరింగ్ తిరగేసి పెట్టాలి, అది నాకు తెలీడానికి ఒక సాయంత్రం పట్టింది, పైగా లైన్ అంతా విప్పి మళ్లీ చుట్టాలి. ఇంకోటి, లైన్‌కీ లీడర్‌కీ లూపులు కలిపే చోట ఫ్యాక్టరీలోనే తప్పుగా వేశారు. రెండు లూపులు ఒకదాన్నొకటి పట్టుకుని కరచాలనం చేసినట్టు సమంగా ఉండాలి. మా దాంట్లో లీడర్ లూపు లైన్ లూపుని మెడ నులిమినట్టు ఒకవైపుకి మడిచేసి ఉంది. అలా వదిలేస్తే సన్నటి లీడరు లైన్ తోలుని కోసేస్తుంది. విప్పి మళ్లీ వేసుకోవడం అర నిమిషం పని, కానీ కొత్తవాడికి అది తప్పు అని ఎలా తెలుస్తుంది చెప్పండి? బావ చూశాడు కాబట్టి సరిపోయింది.

లైన్ అయితే రీల్‌లో చుట్టుకుని ఉన్న షేపులోనే బయటికి వస్తుంది, పరుపు స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా. రోజూ మొదలెట్టే ముందు ఇద్దరూ చెరో చివర పట్టుకుని మెల్లగా లాగి సాగదీస్తే గంటా రెండు గంటలు బుద్ధిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో మళ్లీ మామూలే. తర్వాత కొనేటప్పుడు మొదట మార్చేది లైన్‌నే, రాడ్‌ని కాదు.

ఇప్పుడు ప్లానింగ్ సంగతి, ఎందుకంటే బాక్స్ ఈ ముక్క చెప్పదు. ట్రౌట్ నదికి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లకూడదు. మొదటిది లైసెన్సు, నది ఎవరి చేతిలో ఉందో వాళ్ల దగ్గర, ఒక్కో చోట నదిలో ఒక్కో ముక్కకి ఒక్కో రూలు ఉంటుంది, ఇక్కడ ఫ్లై మాత్రమే, ఇక్కడ పట్టింది వదిలెయ్యాల్సిందే, ఇక్కడ అసలు దిగకూడదు అని. రెండోది గుడ్లు పెట్టే కాలం. బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో, చలి మొదలయ్యేటప్పుడు పెడుతుంది, రెయిన్‌బో ఎక్కువగా వసంతంలో. నది అడుగున గులకరాళ్లు చుట్టుపక్కల కంటే తెల్లగా, తోమినట్టు శుభ్రంగా ఒక పళ్లెం సైజులోనో చాప సైజులోనో కనిపిస్తే అది గూడు, దాని మీద కాలు పెట్టామంటే కిందున్న గుడ్లన్నీ చితికిపోతాయి. అన్నట్టు ఈ గుడ్లు చల్లగా ఉంటే ఎంత మొండివంటే, 1864లో ఇంగ్లండ్ నుంచి నార్‌ఫోక్ అనే ఓడలో నాచులో చుట్టి ఐసు పెట్టి టాస్మానియాకి పంపితే, అంత దూరం సముద్రం దాటి వెళ్లి కూడా పిల్లలయ్యాయి. మన లైన్ మాత్రం పెట్టెలో నెల్రోజులు ఉంటే చుట్టలు పోవు.

మూడోది నీళ్ల వేడి. థర్మామీటర్ కిట్‌లో లేదు, ఉండాల్సింది. నాకు తెలిసి ఈ ట్రిప్‌లో రాడ్ తర్వాత ఎక్కువసార్లు చేతిలోకి తీసుకున్న వస్తువు అదే. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి, చల్లటి నీళ్లలోనే ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, 10 డిగ్రీల దగ్గర లీటరుకి 11 మిల్లీగ్రాముల పైచిలుకు పట్టేది 20 డిగ్రీలకి వచ్చేసరికి 9 కి దిగిపోతుంది. 20 దగ్గరకి వచ్చిందంటే గాలం తీసి పక్కన పెట్టెయ్యడమే, ఎందుకంటే అప్పటికే ఆయాసపడుతున్న చేపని ఇంకా పరిగెత్తించి వదిలితే ఈదుకుంటూ వెళ్లినట్టే వెళ్లి తర్వాత చస్తుంది. మేం వెళ్లినప్పుడు పొద్దున 8 డిగ్రీలు, మధ్యాహ్నం 13. బంగారం లాంటి వాతావరణం.

నాలుగోది నాకు అనుభవం మీద తెలిసింది, మంచు కరిగి వచ్చే నది రోజులో ఒక్కలా ఉండదు. అది ఇంకాస్త కింద చెప్తా.

మొదటి రోజు పొద్దున్నే నదిలో దిగి ఫ్లై డబ్బా తెరిచా. డజనులో మూడిట్లో కొక్కెం కన్ను మూసుకుపోయి ఉంది, తల దగ్గర పూసే జిగురు కన్నులోకి కారి గట్టిపడిపోయింది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే 16 నంబర్ ఫ్లై కన్నులోకి 5ఎక్స్ దారం ఎక్కించడమే ఒక యజ్ఞం, పైగా కన్నే లేదు. ఇంకో ఫ్లై కొక్కెం మొనతో గుచ్చి గుచ్చి తెరిచా, ఈలోగా బావ అవతల రెండు చేపలు పట్టి వదిలేశాడు. ఇంటి దగ్గర వెలుతుర్లో కూర్చుని అన్నిటి కళ్లూ ఒకసారి సూదితో పొడిచి చూసుకుని ఉంటే అయిపోయేది. కొక్కెం నంబర్ పెరిగేకొద్దీ ఫ్లై చిన్నది అవుతుంది, అది గుర్తుపెట్టుకోండి, 16 అంటే వడ్లగింజంత. దారం లెక్క కూడా అలాగే తిరగేసి ఉంటుంది, 11 లోంచి ఎక్స్ నంబర్ తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది, 5ఎక్స్ అంటే 6, అంటే 0.006 అంగుళాలు. ఏ ఫ్లైకి ఏ దారం అంటే ఫ్లై నంబర్‌ని 3 తో భాగించండి, 16 కి సుమారు 5ఎక్స్, 12 కి 4ఎక్స్. కిట్ వాళ్లు 5ఎక్స్ ఇచ్చి డబ్బాలో సగం 8, 10 నంబర్ల లావుపాటి ఫ్లైలు పెట్టారు. వాటిని ఆ సన్నటి దారంతో విసిరితే గాల్లో గింగిరాలు తిరిగి దారం మెలేసుకుపోతుంది.

ఫ్లైల ఎంపిక తప్పు కాదు, పేర్లన్నీ పెద్ద పేర్లే. ఆడమ్స్ ఉంది, అది 1922లో మిషిగన్‌లో పుట్టింది, ఇప్పటికీ నీటిపైన తేలే ఫ్లై ఒక్కటే పెట్టుకోవాలంటే చాలామంది దాన్నే పెట్టుకుంటారు. ఎల్క్ హెయిర్ క్యాడిస్ ఉంది. ఫెజెంట్ టెయిల్ నింఫ్ (నీళ్లలో మునిగే, పురుగు పిల్లలా కట్టిన ఫ్లై) ఉంది, దీన్ని కనిపెట్టిన ఫ్రాంక్ సాయర్ ఇంగ్లండ్‌లో ఏవన్ నదికి కాపలాదారు, ఆయన కట్టే పద్ధతిలో దారమే ఉండదు, నెమలి జాతి పక్షి తోక ఈకలూ, సన్నటి రాగి తీగా అంతే, ఆ తీగే బరువు, ఆ తీగే కట్టు. మా డబ్బాలో ఉన్నదానికి రాగి తీగ లేదు, ఏదో మెరుపు దారం చుట్టారు, నీళ్లలో వేస్తే మునగనంటుంది. ఆడమ్స్ అయితే రెండో చెట్టుకొమ్మకే మెడ దగ్గర ఈక విప్పుకుని గొడుగు తిరగబడ్డట్టు అయిపోయింది. అన్నిటికీ కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉంది, ఆ నదిలో ముల్లు లేని కొక్కేలే వాడాలని రూలు, కాబట్టి ముందురోజు రాత్రి టెంట్‌లో హెడ్‌ల్యాంప్ వెలుగులో ప్లయర్‌తో ఒక్కోటీ నొక్కుకుంటూ కూర్చున్నా. రెండిటికి మొనే విరిగింది.

చివరికి బావ తన డబ్బాలోంచి ఒక అసలు సిసలు ఫెజెంట్ టెయిల్ ఇచ్చాడు.

ఇక్కడొక ముక్క చెప్పాలి. నీళ్లపైన పురుగు వాలితే ట్రౌట్ ఎగిరి అందుకోవడమే అందరికీ గుర్తుంటుంది, చూడ్డానికి అదే అందం. కానీ అది తినేది ఎక్కువ భాగం నీళ్ల కిందే, రాళ్లకి అంటుకుని పెరిగే పురుగు పిల్లల్ని. నదిలో ఒక రాయి తిప్పి చూశా, అడుగున నాలుగైదు బుల్లి పురుగులు పరిగెత్తాయి, కొన్ని ఇసుక రేణువులతో గొట్టం కట్టుకుని అందులో దాక్కుని ఉన్నాయి, అవి క్యాడిస్ అనే పురుగువి. ఏ ఫ్లై కట్టాలో ఏ కిట్ బ్రోచరూ చెప్పదు, ఆ రాయి చెప్తుంది.

రెండో రోజు పొద్దున ఏడున్నరకి, పెద్ద బండరాయి దిగువ వైపు, వేగంగా పోయే నీళ్లూ నెమ్మదిగా తిరిగే నీళ్లూ కలిసే గీత ఉంటుంది చూడండి, నురగ సన్నగా బారుగా పోతూ ఉంటుంది, అక్కడ. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది, కొట్టుకొచ్చే తిండి కోసం, అందుకని మనం దిగువ నుంచి, దాని వెనక నుంచి వెళ్లాలి. అదీగాక అడుగు లోతులో ఉన్న చేపకి పైన కనిపించే గుండ్రటి కిటికీ రెండడుగుల పైచిలుకు వెడల్పే, దాని చుట్టూ అద్దంలా మెరుస్తుంది, లోతుకి వెళ్లేకొద్దీ కిటికీ పెద్దదవుతుంది. వంగి, మెల్లగా, నీడ పడకుండా వెళ్లి విసిరా. మొదటిది దగ్గర్లోనే పడింది. రెండోది లైన్ నీటివేగానికి విల్లులా వంగి ఫ్లైని లాక్కుపోయింది, అలా లాక్కుపోతే చేప దాని వంక కూడా చూడదు, పురుగు ఎక్కడైనా మోటార్ బోట్‌లా వెళ్తుందా? మూడోసారి పడీపడగానే రాడ్ కొస ఎత్తి లైన్‌ని ఎగువకి తిప్పి పెట్టా. చేప అందుకుంటే తెలియడానికి లీడర్‌కి కట్టిన ఊలు ముక్క నీటిపైన తేలుతూ వచ్చింది, వచ్చింది, ఆగింది. ఆగిందంతే, మునగలేదు. నేను చూస్తూ నిలబడ్డా. వెనక నుంచి బావ "లేపరా! లేపు!" అని కేక.

లేపా. రాడ్ మధ్య దాకా వంగింది, రీల్ కిర్రుమంది. గుండె గొంతులోకి వచ్చింది. ఆ రాడ్ మీద నాకున్న ప్రేమంతా ఆ రెండు నిమిషాలదే, చేప తల విదిల్చిన ప్రతిసారీ కొస వంగి ఇచ్చేది, సన్నటి దారం తెగకుండా కాపాడింది అదే. బ్రౌన్ ట్రౌట్, జానెడు కంటే కాస్త పెద్దది, గొప్ప చేపేం కాదు. ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత బూడిదరంగు వలయం, ఎవరో సన్నటి కుంచెతో దిద్దినట్టు. చేతులు తడుపుకుని, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీద జిగురు పొర పోతుంది కదా, నీళ్లలోనే ఉంచి కొక్కెం వదిలించా, ముల్లు లేదు కాబట్టి అలా ఊడి వచ్చేసింది. తల ఎగువకి, ప్రవాహానికి ఎదురుగా తిప్పి పట్టుకున్నా. రెండు మూడు క్షణాలు మొప్పలు ఆడించి, తోకతో ఒక్కటిచ్చి పోయింది. చేతి నిండా నీళ్లు, నోరంతా నవ్వు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అంటారు కదా, ఆ రోజు నేను అదే. ఆ హుషారులోనే నది దాటి అవతల గట్టుకి వెళ్దామన్నా. పొద్దున మోకాలి కింద వరకే నీళ్లు, మధ్యలో ఒక చదునైన రాయి జానెడు పైకి కనిపిస్తోంది, దాన్నే గుర్తు పెట్టుకుని దాటాం. సాయంత్రం అయిదింటికి తిరిగి వచ్చి చూస్తే ఆ రాయి లేదు. వాన లేదు, మబ్బు లేదు, ఎండ కాస్తోంది, నీళ్లు మాత్రం సున్నం కలిపినట్టు తెల్లగా, తొడల దాకా వచ్చేశాయి. నేను చెప్తా అన్న నాలుగోది ఇదే, పగలంతా ఎండకి పైన కొండల మీద మంచు కరుగుతుంది, ఆ నీళ్లు కిందకి చేరేసరికి సాయంత్రం అవుతుంది. అలాంటి నది తెల్లారుజామున సన్నగా ఉంటుంది, పొద్దుపోయేకొద్దీ లావెక్కుతుంది. పైన డ్యామ్ ఉన్న నదులైతే ఇంకో రకం, వాళ్లు వదిలినప్పుడు పెరుగుతుంది, సైరన్ వింటే ముందు గట్టెక్కాలి, తర్వాత ఆలోచించాలి.

నేను దాటేద్దామన్నా, చేతికర్ర ఉంది, బెల్టు ఉంది అని. బావ ఒక కర్రపుల్ల విసిరి అది పోయే వేగం చూశాడు. "నువ్వు నడిచే స్పీడ్ కంటే అది స్పీడ్‌గా పోతోంది, పద" అని వెనక్కి తిరిగాడు. కిందకి గంటంపావు నడిచి కాలివంతెన మీద దాటాం, టెంట్ చేరేసరికి చీకటి. బావ జేబులో హెడ్‌ల్యాంప్ ఉండబట్టి సరిపోయింది, నాది టెంట్‌లో ఉంది, చక్కగా ఛార్జ్ చేసి మరీ పెట్టా.

వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని పొడుగు ప్యాంట్లు) కిట్‌లో రావు, విడిగా అద్దెకి తీసుకున్నాం, వాటికి నడుము బెల్టు తప్పనిసరి, పడితే లోపలికి నీళ్లు నిండకుండా ఆపేది అదే. బ్యాగు ఉంటే నీళ్లలో దిగేముందు నడుం క్లిప్పూ ఛాతీ క్లిప్పూ విప్పేసుకోవాలి, పడితే వదిలించుకోవడానికి. బూట్ల కింద ఫెల్ట్ (ఉన్ని లాంటి దళసరి గుడ్డ) అట్ట ఉంటే నాచు రాళ్ల మీద పట్టు బాగుంటుంది గానీ అది తడి ఆరదు, ఒక నదిలో నాచుని ఇంకో నదికి మోసుకెళ్తుంది, డిడిమో అనే ఆల్గే అలా పాకుతుందని న్యూజిలాండ్‌లో 2008లోనే ఫెల్ట్ అట్టలు నిషేధించారు. మేం రబ్బరు అట్టకి మేకులున్నవి తీసుకున్నాం. ఏవి వేసుకున్నా ఇంకో నదికి పోయేముందు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఇక నీళ్ల మీద మెరుపుని తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు. పెట్టుకోకముందు నది అంటే ఆకాశం, పెట్టుకున్నాక నది అంటే రాళ్లూ గుంటలూ చేపలూ. పైగా మన కొక్కెం మన కంట్లోకే రాకుండా కాపాడతాయి, నా వెనక నిలబడ్డవాళ్లకి కూడా అవసరమే.

టెంట్ గురించి రెండే మాటలు. నీళ్ల పక్కనే వేస్తే గలగల వింటూ పడుకోవచ్చని నా ఊహ, బావ 70 అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, కాస్త ఎత్తులో వేయించాడు. అడుగులంటే కొలత అడుగులు కాదు, మనిషి వేసే పెద్ద అడుగులు, అంటే 60 మీటర్ల చిల్లర. నదికీ మంచిది, మనకీ మంచిది, రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లంలోకే జారి కూర్చుంటుంది, గట్టు మీద వేసుకున్న పక్క టెంట్ వాళ్లది తెల్లారేసరికి లోపలా బయటా తడిసి ముద్ద. స్లీపింగ్ బ్యాగ్ మీద ఎంత చలికి పనికొస్తుందో చెప్పే రెండు నంబర్లుంటాయి, హాయిగా నిద్రపట్టే చలికి కంఫర్ట్ అని ఒకటి, ఎలాగో తట్టుకునే చలికి లిమిట్ అని ఒకటి. షాపులో పెద్దక్షరాల్లో ఉన్నది లిమిట్ కావచ్చు, మీరు చూడాల్సింది కంఫర్ట్. నీళ్ల ఫిల్టర్ గొట్టాల రకమైతే ఒకసారి తడిపాక గడ్డకట్టనివ్వకూడదు, లోపల సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, చూస్తే బాగానే ఉంటుంది గానీ పని చేయదు. అందుకని రాత్రి అది నా స్లీపింగ్ బ్యాగ్‌లో నాతోనే పడుకుంది.

ఇంకో మాట, గ్రాఫైట్ కరెంటుని లాగుతుంది. మూడో రోజు మధ్యాహ్నం ఉరుము వినపడగానే బావ రాడ్ నేల మీద పెట్టేసి దూరంగా పోయాడు, నేనింకా విసురుతున్నా. 9 అడుగుల పిడుగు కడ్డీ చేతిలో పట్టుకుని నీళ్లలో నిలబడ్డానని తర్వాత అర్థమై వణుకొచ్చింది. ట్యూబు మీద ఈ హెచ్చరిక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది, "ఇక నదికి వెళ్లడమే ఆలస్యం" మాత్రం అరచేయంత అక్షరాల్లో.

నాలుగో రోజు రాడ్ పోయింది. పూర్తిగా కాదు. ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చే జాయింట్లు విసురుతుంటే మెల్లమెల్లగా వదులవుతాయి, గంటకోసారి చేత్తో బిగించి చూసుకోవాలి, నేను చూడలేదు. మూడు రోజులు చూసి నాలుగో రోజు మర్చిపోయా. ఒక విసురుకి కొస ముక్క ఊడి లైన్ మీద జారుకుంటూ నీళ్లలోకి పోయింది, పోతే పోయింది దొరికింది, కానీ అప్పటికే వదులు జాయింట్ మీద బలం పడి కొస ముక్క అడుగు అంచు వెంట్రుకవాసి చీలింది. గోరు పెట్టి గీస్తే తగులుతుంది. జాయింట్‌కి కాస్త కొవ్వొత్తి మైనం రుద్ది బిగిస్తే పట్టు వదలదట. అదీ ఏ కాగితంలోనూ లేదు.

వారంటీ ఉంది కదా అని కంపెనీకి రాశా. ఫోటో పంపమన్నారు, పంపా. ఇంకో ఫోటో, పంపా. బిల్లు, పంపా. మళ్లీ మొదటి ఫోటోనే అడిగారు. తప్పు నాదే అని నిజం రాసేశా, దానికి వాళ్లేం అనలేదు, అది మెచ్చుకోవాలి. నెల దాటాక కొస ముక్క ఒక్కటే వచ్చింది. మిగతా మూడు ముక్కలు ముదురు ఆకుపచ్చ, ఇదేమో గోధుమరంగు. బావ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ చేప తోకో తెచ్చి దీనికి అతికించార్రా" అన్నాడు. జాయింట్ మాత్రం పాతదానికంటే బిగువుగా కూర్చుంది.